నేను మార్చకుండా వదిలేసిన రబ్బరు

సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందర నిలబడేదానికి నాకు మూడేండ్లు పట్టింది. పాస్టరుగారు అడిగినప్పుడల్లా వచ్చే ఆదివారం అని తప్పించుకుంటా వచ్చినాను, ఎందుకంటే దేవుడు చేసిన మేలు చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాల.

నా పేరు దేవదానం, తడ దగ్గర బోట్ల ఇంజన్లు బాగుచేసే మెకానిక్కును. ఆ రోజుల్లో పొద్దున్నే తాగితే తప్ప స్పానరు పట్టుకోలేని మనిషిని. తాగకపోతే చేతులు వణికేవి, తాగితే బుద్ధి పనిచేసేది కాదు. నా భార్య సువార్త అన్నం ముందర పెట్టుకొని కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంటే నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

నాకు సొంత అన్న లాంటి చెంచయ్యన్నకు సరస్సులోని దీవి నుంచి మనుషుల్ని దాటించే బోటు ఉంది. దాని ఇంజను లోపల ఉంటుంది, బోటును ముందుకు నెట్టే ఫ్యానును తిప్పే డ్రైవు వెనకాల నీళ్లలోకి దిగి ఉంటుంది, ఆ రెండూ కలిసే చోట నీళ్లు లోపలికి రాకుండా మడతలు మడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. ఆ ఏడు సర్వీసుకు ఇచ్చినప్పుడు అన్న కొత్త రబ్బరు తెచ్చి నా చేతికిచ్చినాడు. నేను తాగి ఉండి, పాతదాన్ని విప్పే ఓపిక లేక, దాన్నే ఉంచేసి మార్చినానన్నా అని చెప్పినాను.

వానలకు సరస్సు నిండిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అన్న తల్లి ఆదెమ్మకు, నేను పెద్దమ్మా అని పిలిచే మనిషికి, ఊపిరాడలేదు. అన్న ఆమెను బోటులో పడుకోబెట్టుకొని ఇవతలి గట్టుకు బయల్దేరినాడు. సగం దూరంలో గరగరమని చప్పుడొచ్చి డ్రైవు బిగుసుకుపోయింది. ఒక చేత్తో గెడ వేసుకుంటా, ఇంకో చేత్తో తల్లిని పట్టుకుంటా ఆయన రెండు గంటలు ఆ నీళ్ల మీదనే ఉన్నాడు. చేపల పడవ వాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చినారు. ఆస్పత్రిలో పెద్దమ్మకు ఆక్సిజన్ పెట్టి, బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు.

మర్నాడు అన్న బోటును నా షెడ్డుకే తెప్పించినాడు. "ఏమైందో చూడు దేవదానం, నాకు నువ్వు గాక ఇంకెవరున్నారు" అని మళ్లీ ఆస్పత్రికి వెళ్లిపోయినాడు.

డ్రైవు అడుగు నట్టు తీస్తే గేరు ఆయిలు పాలు కలిపిన టీ మాదిరి కారింది, అంటే లోపలికి నీళ్లు పోయినాయి. నట్లన్నీ విప్పినా డ్రైవు ఊడి రాలేదు. డీజిలు పోసి నానబెట్టి, చెక్క అడ్డం పెట్టి కొట్టి కొట్టి లాగితే సాయంత్రానికి వచ్చింది. లోపల బేరింగు తుప్పు ముద్దయిపోయి ఉంది. ఆ పాత రబ్బరు మడతలో నా బొటనవేలు దూరేంత చీలిక.

అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ రబ్బరు పారేసి, సరస్సు ఉప్పునీళ్లకు బేరింగు పోయిందన్నా అంటే ఆయన నమ్ముతాడు. నా బుద్ధి ముందు అట్లనే పోయింది, దాచను. సీసా కోసం చెయ్యి చాచినాను, ఆ చేతికి అంటిన తుప్పు నా కంట్లో పడింది, ఏమైందో నాకే తెలియదు, గ్రీజు నేల మీదనే మోకరించినాను. "ప్రభువా, ఆ తల్లిని బతికించు. నా నోట అబద్ధం రానీయొద్దు. నా వల్ల కావడం లేదు, నన్ను ఎత్తుకో" అన్నాను.

రబ్బరు సంచిలో వేసుకొని ఆస్పత్రికి పోయినాను. "అన్నా, ఇది నేను మార్చలేదు. నీకు అబద్ధం చెప్పినాను" అన్నాను. ఆయన దాన్ని చానాసేపు తిప్పి చూసినాడు. కొడతాడనుకున్నాను. "నా కండ్ల ముందర నిలబడొద్దు" అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "బోటు మాత్రం బాగుచేసి పెట్టు. దీవిలో ఇంకా జనం ఉన్నారు" అన్నాడు.

సువార్త నన్ను డాక్టరు దగ్గరికి తీసుకపోయింది. తాగుడు ఒక్కసారిగా మానితే ప్రాణానికి ప్రమాదమని ఆయన వారం రోజులు పడుకోబెట్టి మందులిచ్చినాడు. దేవుడు మందులతో కూడా విడిపిస్తాడని అప్పుడు తెలుసుకున్నాను. తర్వాత చెన్నై నుంచి బేరింగులు, సీళ్లు తెప్పించి, ఒక్కో గేరూ కడిగి తుడిచి కూర్చోబెట్టినాను. చిన్న లాకు రింగు ఒకటి నా వణుకుకు పదిసార్లు జారిపోతే, సువార్త నా మణికట్టు పట్టుకొని నిలబడింది, అప్పుడు ఆ రింగు దాని చోట కూర్చుంది. కొత్త రబ్బరు ఎక్కించి, ఆయిలు పోసేముందు లోపలికి గాలి కొట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి చూసినాను. ఒక్క బుడగ రాలేదు.

పెద్దమ్మ బతికింది. అన్న మాత్రం బోటు తీసుకుపోయి నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే. ఒకరోజు తనే వచ్చి, "అమ్మ నిన్ను చూడాలంటా ఉంది" అన్నాడు. పోయినాను. పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "చెప్పకపోయుంటే మాకు తెలిసేదే కాదు గదా నాయనా, ఎందుకు చెప్పినావు?" అనింది.

"మా దేవుడు నన్ను ఊరుకోనీయలేదు పెద్దమ్మా" అన్నాను.

"అట్లయితే ఆయన్ని వదలొద్దు" అనింది ఆమె. మన దేవుణ్ణి మొక్కని ఆ తల్లి నోట విన్న ఆ మాటను నేను ఈరోజుకీ పట్టుకొని నడుస్తా ఉన్నాను.

తాగాలనే ఆశ ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు వస్తుంది. వచ్చినప్పుడు ఆయన పేరు పిలుస్తాను, ఆయన నన్ను ఇంతవరకు కాపాడినాడు, దేవునికే మహిమ. మీలో ఎవరి గుండెలోనైనా ఇట్లాంటి మాట ఒకటి దాగి ఉంటే, ముందు ఆయనకు చెప్పండి, ఆ తర్వాత మీరు అన్యాయం చేసిన ఆ మనిషి దగ్గరికి పోండి. ఒంటరిగా పోయేదానికి భయమైతే నన్ను పిలవండి, గుమ్మం దాకా నేను తోడొస్తాను.