కరిచిన రోజు ఎవరిదీ కాని కుక్క

హుజూర్‌నగర్‌లో మేము కిరాయికి దిగిన రోజే ఒక ఎర్ర కుక్క మా సామాను ఆటో చుట్టూ రెండుసార్లు తిరిగి, వాసన చూసి, సరే ఉండనివ్వండి అన్నట్టు వెళ్ళి పడుకుంది. వాడకట్టులో ముగ్గురు దాన్ని సాకేవారు. వాడ చివర గొర్ల దొడ్డి ఉన్న పెద్దాయన పొద్దున్నే జొన్న గట్క ముద్ద పెట్టేవాడు. మా ఇంటి ఓనరమ్మ నిన్నటి రొట్టెలు వేసేది. ఎదురింటి ముసలామెను అందరం పిన్నిలెక్క ఖాలా అనేవాళ్ళం. ఇంట్లో కుక్క ఉంటే ఫరిష్తాలు, అంటే దేవదూతలు, గడప తొక్కరని ఆమె నమ్మకం, అందుకని గోడ బయట కుండ పెంకు మీద కూరలోని ఎముకలు పెట్టేది. ముగ్గురూ మూడు పేర్లు పెట్టుకున్నారు. అది మూడింటికీ పలికేది. కొత్తవాళ్ళను చూసి అది మొరిగితే చాలు, మా కుక్క అంటే మా కుక్క అని మురిసిపోయేవారు. నాకు మాత్రం దాని మీద ప్రేమా లేదు, పగా లేదు.

ఒక సోమవారం పొద్దున నేను బడికి ఆలస్యమై, ఫోన్లో మా ఆయనతో కొట్లాడుతూ నడుస్తున్నాను. ఆయనకు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో నౌకరీ. గ్యాస్ బుక్ చేయమని మూడు రోజులుగా మొత్తుకుంటుంటే మర్చిపోయాడు. తప్పు ఆయనది, కోపం నాది, తోక కుక్కది. నా చెప్పు సరిగ్గా ఆ తోక మీద పడింది. అది నా పిక్క పట్టుకుని వదిలేసింది. నెత్తురు చూసేదాకా అరవాలని కూడా తోచలేదు.

ఖాలా కారంపొడి డబ్బాతో ఉరికొచ్చింది. పెద్దాయన సున్నం తెచ్చాడు. గాయాన్ని సబ్బుతో కడగాలని మూడో తరగతి పిల్లలకు బెత్తంతో బల్ల కొట్టి మరీ చెప్పిన టీచర్ని నేను. ఆ పాఠం ఆ గడియలో ఎటు పోయిందో తెలియదు. ఒకరిది పెట్టించుకుంటే ఇంకొకరు చిన్నబుచ్చుకుంటారేమోనని రెండూ పెట్టించుకున్నాను. ఓనరమ్మ దాని మీద పాతచీర పేలిక బిగించి కట్టింది.

దవాఖానలో నర్సమ్మ ఆ పేలిక విప్పి గాయాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"కారం, సున్నం అయినయి. ఉప్పు మర్చిపోయిండ్రా మేడం?"

నన్ను నల్లా కింద కూర్చోబెట్టి, చేతికి సబ్బు ఇచ్చి, గోడ గడియారం చూపించింది. ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగాలట. కడుగుడే సగం మందు, ఆ పని ఇంటి దగ్గరే అయిపోవాలె అని మందలించింది. కారం దిగుతుంటే కుక్క చేసిన నొప్పి చిన్నదనిపించింది. తర్వాత ఆమె నాకు కుక్కకాట్ల లెక్క చెప్పింది. గాయం లేని చర్మాన్ని నాకితే మొదటి రకం, కడుక్కుంటే సరిపోతుంది. నెత్తురు రాకుండా పన్నుగానీ గోరుగానీ గీరితే రెండోది, సూదులు వేయించుకోవాలి. పన్ను దిగి నెత్తురొస్తే మూడోది, సూదులతో పాటు గాయం చుట్టూ కూడా మందు ఎక్కించాలి. నాది మూడోది. రెండులో వేయరాదా అని బతిమాలాను. పిల్లలు నా దగ్గర మార్కులు పెంచమని ఏడుస్తారు, నేను తగ్గించమని ఏడ్చాను. ఆమె కరగలేదు. ఆ రోజు సూది వేసి, మళ్ళీ మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు రమ్మని చీటీ రాసింది.

"పెంచిన కుక్కనా, ఊరకుక్కనా?" అని అడిగింది. తెలియదన్నాను. "పది దినాలు దాన్ని కనిపెట్టుకోని ఉండుర్రి. పిచ్చిదైతే ఆలోపే సస్తది. సచ్చినా, కనబడకపోయినా వచ్చి చెప్పుర్రి. గని అది మంచిగున్నదని మీ అంతట మీరు సూదులు బంద్ చేయొద్దు."

నిజం చెప్పాలంటే చాలా భయపడ్డాను. నీళ్ళ గ్లాసు ఎత్తిన ప్రతిసారీ గొంతు దిగుతాయా లేదా అని చూసుకునేదాన్ని. నా ప్రాణం ఆ కుక్క ప్రాణానికి ముడిపడిపోయింది. కనీసం అది ఎవరిదో తెలిస్తే జాగ్రత్తగా కట్టేయమని చెప్పొచ్చు కదా అని వాడలో అడిగాను. పెద్దాయన తన దొడ్డిలో గొర్లు తప్ప ఏమీ లేవన్నాడు. ఓనరమ్మ, రొట్టెలు ఆవుకు వేస్తానంది. ఖాలా అయితే ఏ కుక్క అని నన్నే ఎదురడిగింది. మూడు పేర్లూ ఒక్క పూటలో మాయమయ్యాయి.

ఇక నేనే హాజరు పట్టీ మొదలుపెట్టాను. బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దాన్ని చూసి, క్యాలెండర్ మీద గీత పెట్టేదాన్ని. ఎటూ పోకుండా పాలు, బిస్కెట్లు పెట్టాను. కరిచింది అది, మేపుతున్నది నేను. వంకాయ ముట్టొద్దని ఓనరమ్మ పథ్యం పెట్టింది కూడా నాకే.

ఏడో రోజు సూది వేయించుకుని వచ్చేసరికి కుక్క లేదు. దొడ్డి వెనుక లేదు, పెంకు దగ్గర లేదు. వాడ మధ్యలో నిలబడి, కుక్క కనబడడం లేదు, నేనిక బతకను అని ఏడ్చేశాను. అప్పుడు పెద్దాయన కర్ర పట్టుకుని బయటకు వచ్చి తాను పెట్టుకున్న పేరుతో గొంతెత్తి పిలిచాడు. ఓనరమ్మ డాబా మీది నుంచి తన పేరుతో పిలిచింది. రెండు పేర్లకూ మొరుగుతూ జవాబు వచ్చింది, ఖాలా ఇంట్లోంచి.

ఖాలా తలుపు తీసింది. లోపల కుక్క మెడకు ఆమె పాత దుపట్టా కట్టి ఉంది.

"కుక్కలను పట్టే మున్సిపాలిటీ బండొస్తదన్నరు బిడ్డా. నువ్వు పొద్దుమాపు దాన్ని చూసి గీతలు పెడుతుంటే, పట్టియ్యనీకే అనుకున్న."

గడప లోపలికి ఎన్నడూ రానివ్వని ఆమె దాన్ని వంటింట్లో దాచింది. దానికోసం ఆమె, నాకోసం నేను భయపడుతూ వారం రోజులు ఒకరినొకరం కాపలా కాశాం. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కుక్క వచ్చి నా చెయ్యి నాకింది. మొదటి రకం అని చెప్పి కడుక్కున్నాను.

పదో రోజుకు అది ఇంకొంచెం లావైంది తప్ప ఏ తేడా లేదు. ఇరవై ఎనిమిదో రోజు చివరి సూదితో ఇంటికి వస్తుంటే, మా గుమ్మం ముందు గ్యాస్ తెచ్చినాయన కాలు పట్టుకుని కూర్చున్నాడు. సిలిండర్ కుక్క కాలి మీదుగా దొర్లిందట, దాని పన్ను ఆయన కాలికి గీరింది. ఎవరి కుక్క ఇది అని అడుగుతున్నాడు. పెద్దాయన ఆకాశం చూస్తున్నాడు. ఓనరమ్మ కొంగు సర్దుకుంటోంది. కుక్కేమో నన్ను చూసి, తోక ఊపుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. ఏ కుక్క అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నెల కింద ఆ మాట విని మండిపోయిన దాన్ని నేను.

"మాదే అన్నా," అన్నాను.

సబ్బు తేబోయేంతలో ఖాలానే చెంబుతో, సబ్బుతో వచ్చింది. పావుగంట అని గట్టిగా చెప్పింది. నెత్తురు లేదు, రెండో రకం అని నేను తేల్చాను. ఏం కాదులే అంటున్న మనిషిని పెద్దాయన బండి మీద ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

మర్నాడు నలుగురం కలిసి కుక్కను పశువుల దవాఖానకు తీసుకెళ్ళాం. అది ఇద్దరి కాళ్ళ మీద పన్ను పెట్టాక గాని దానికీ సూది వేయించాలని మాకు తట్టలేదు. అక్కడి కాంపౌండరు చీటీ రాస్తూ యజమాని ఎవరని అడిగాడు. ఖాలా మమ్మల్ని పక్కకు జరిపి ముందుకొచ్చింది.

"నా పేరు రాయి బిడ్డా. ఫరిష్తాలకు నేను చెప్పుకుంట."