సేనాధిపతి నుదుట కుంకుమ

మా తాతగారు శేషాచలంగారు తమ పుస్తకాల బీరువాకు ఏనాడూ తాళం వేయలేదు. చదువుకుంటామని వచ్చినవారిని ఊరూ పేరూ అడగకుండా పుస్తకమిచ్చి పంపేవారు. మా నాన్నగారు నరసింహంగారు వ్యాకరణం బోధించిన ఉపాధ్యాయులు. అడిగి తెచ్చుకున్న ప్రతి పుస్తకానికీ చిరిగిన అంచులు అంటించి, కొత్త అట్ట వేసి, తెచ్చినప్పటికన్న మెరుగుగా తిరిగి ఇచ్చేవారు. అటువంటి వంశంలో పుట్టిన నేను మొన్న శనివారం అమెరికాలోని ట్రాయ్ పట్టణపు గ్రంథాలయంలో, పుస్తకం పాడుచేసిన నేరానికి ఇరవైమంది పసిపిల్లల ఎదుట నిలబడవలసివచ్చింది. ఎలాగో చెబుతాను, టీ చల్లారకముందే వినండి.

మా అమ్మాయి సుధ, అల్లుడు రవి, వారి కూతురు నిత్య. ఈ ముగ్గురి ఇంట నేనిప్పుడు నాలుగోదాన్ని. నిత్యకు పదేళ్లు. శనివారాల్లో లైబ్రరీలో చిన్నపిల్లలకు ఒక పుస్తకం బిగ్గరగా చదివి వినిపించే అవకాశం, పేరు నమోదు చేయించుకున్న మూడు నెలలకు దానికి వచ్చింది. అభ్యాసానికని లైబ్రేరియన్ ఆ పుస్తకాన్ని ముందుగానే ఇంటికి ఇచ్చింది. అమెరికా స్వాతంత్ర్యయుద్ధం గురించిన బొమ్మల పుస్తకమది. అట్టమీద తెల్లగుర్రం, దానిమీద నీలికోటు తొడిగిన సేనాధిపతి.

మంగళవారం పుస్తకం ఇంటికి వచ్చింది. బుధవారం డిష్‌వాషర్‌లో గిన్నెలు ఎటు తిప్పి పెట్టాలన్న విషయంలో సుధకూ అల్లుడికీ మాట పెరిగింది. గురువారానికి ఇద్దరూ పిల్ల ద్వారా మాట్లాడుకుంటున్నారు.

‘నిత్యా, కార్ తాళాలెక్కడో మీ నాన్నను అడుగు.’

‘టేబుల్ మీదే ఉన్నాయని మీ అమ్మకు చెప్పు.’

ఆ టేబుల్‌కు ఇద్దరూ చెరొక వైపున కూర్చుని ఉన్నారు.

కారణం నాకు వెంటనే స్ఫురించింది. ఇంట్లో యుద్ధఘట్టం చదివితే ఇంట్లో పోరు పుడుతుందని మా తాతగారి నమ్మకం. చదవక తప్పనప్పుడు ఆయన పాటించిన నియమం నాకు కంఠస్థం. పుస్తకానికి పసుపు రాసి, బొట్టు పెట్టాలి. పట్టాభిషేకం దాకా చదివి, అక్షతలు చల్లి ముగించాలి. నడుమ ఆపితే యుద్ధం ఇంట్లోనే మిగిలిపోతుంది. మా నిత్య రోజుకు నాలుగు పుటలు చదివి, సరిగ్గా ఫిరంగులు పేలేచోట ఆపుతున్నది.

శుక్రవారం ఇంట్లో ఎవరూ లేని సమయంలో అట్టకు నాలుగు మూలలా పసుపు రాశాను. సేనాధిపతి నుదుట తడికుంకుమ పెట్టాను. గుర్రాన్ని వదిలివేయడం మర్యాద కాదని దానికీ పెట్టాను. పైన, మా నాన్నగారి పద్ధతిలో, గోధుమరంగు కాగితంతో చక్కగా అట్ట వేశాను. నిత్య బడినుంచి రాగానే చివరి భాగం తెరిపించాను.

‘పట్టాభిషేకం ఎక్కడుంది తల్లీ?’

‘అంటే ఏంటి అమ్మమ్మా?’

‘గెలిచినవాడికి కిరీటం పెడతారు కదా, ఆ పుట.’

‘కిరీటం లేదు. వాళ్లు ఫైట్ చేసిందే కింగ్ వద్దు అని.’

‘మరి గెలిచినవాడు ఏమయ్యాడు?’

‘ఇంటికి వెళ్లిపోయాడు. ఫార్మ్‌కి. తర్వాత పిలిచి ప్రెసిడెంట్‌ని చేశారు. ప్రామిస్ చేశాడు, దట్స్ ఇట్.’

అంత సైన్యాన్ని నడిపి, సింహాసనమైనా ఆశించక పొలానికి వెళ్లిన మనిషిమీద నాకు గౌరవం కలిగింది. మా తాతగారి నియమానికి మాత్రం చిక్కు వచ్చిపడింది. చాలాసేపు ఆలోచించి, ఆ ప్రమాణం చేసిన పుటనే పట్టాభిషేకంగా నిర్ణయించాను. పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే అందులో గుప్పెడు అక్షతలు పోసి, పుస్తకం మూసి, దారంతో బిగించి కట్టాను.

శనివారం లైబ్రరీకి నలుగురమూ వెళ్లాము. దంపతులకు ఇంకా మాటలు లేవు. పిల్లలు తివాచీమీద కూర్చున్నారు. కళ్లజోడుకు గొలుసు తగిలించుకున్న ఆ లైబ్రేరియన్ నా అట్టను మెచ్చుకుని, బొమ్మ చూపించడానికని దారం విప్పి అట్ట తీసింది. తీసి, అలాగే నిలబడిపోయింది.

లోపల కుంకుమ ఆరలేదు. నుదుటినుంచి ముక్కుమీదుగా కోటు గుండీల దాకా కారింది. సేనాధిపతి అప్పుడే రణరంగంనుంచి వచ్చినట్టున్నాడు.

‘పాపకు దెబ్బేమైనా తగిలిందా?’ అని ఆవిడ రహస్యంగా అడిగింది. కాదన్నాము. టిష్యూతో తుడిచింది. ఎరుపు గుర్రం మెడంతా పాకింది.

‘దీన్ని చిన్నపిల్లలకు చూపించలేను. వేరే కాపీ లేదు. ఈ వారానికి ఆపేద్దామా, హనీ?’

నిత్య కళ్లలో నీళ్లు నిండాయి. నేను లేచాను. బడిలో నేర్చిన ఇంగ్లీషులో, కర్తా క్రియా తప్పకుండా విన్నవించాను. ‘అమ్మా, ఈ నేరం నాది. మీ యుద్ధాన్ని మా ఇంట్లో ముగించవలసిన అవసరం ఏర్పడింది.’

‘అమ్మమ్మా, ఇంకేం చెప్పకు, ప్లీజ్.’

లోపలి పుటలైనా బాగున్నాయేమోనని లైబ్రేరియన్ పుస్తకాన్ని పైకెత్తి తెరిచింది. అక్షతలు జలజలా ముందువరుస పిల్లల తలలమీద రాలాయి.

ఒక చిన్నది జుట్టులోంచి గింజ తీసి చూసి, ‘మళ్లీ వెయ్యి’ అన్నది.

అప్పుడు నిత్య కళ్లు తుడుచుకుని, పుస్తకం తీసుకుని, పిల్లల ఎదుట కూర్చుంది. ‘వార్ అయిపోయింది అని చెప్పడానికి మా ఇంట్లో ఈ రైస్ వేస్తారు. అది ఎలా స్టార్ట్ అయిందో ఇప్పుడు చదువుతాను,’ అని వాళ్ల భాషలో చెప్పింది. లైబ్రేరియన్ అడ్డుచెప్పలేదు. నిత్య ఫిరంగుల దగ్గర ఆగకుండా, పొలం దాటి చివరిదాకా చదివింది. నేను ఆలోగా తివాచీమీది గింజలు ఏరి, తలా రెండు పంచాను. ప్రమాణం పుట రాగానే అందరూ చల్లారు. లైబ్రేరియన్ కూడా.

తిరుగుదారిలో సుధ ముందుసీటునుంచి వెనుదిరిగింది. ‘గుర్రానికి కూడానా అమ్మా?’

‘అది ముత్తయిదువేమో, మీ అమ్మగారిని కనుక్కో,’ అన్నాడు అల్లుడు.

ఇద్దరూ కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. బుధవారం తరువాత వారు నేరుగా మాట్లాడుకోవడం అదే మొదలు. సంధి కుదిరింది. శత్రువు మాత్రం నేనయ్యాను.

ఆ పుస్తకం ఇక అరలో ఉంచడానికి పనికిరాదని లైబ్రేరియన్ ముద్ర వేసి నిత్యకే ఇచ్చివేసింది. మా తాతగారు నాన్నగారికి బీరువా నిండా పుస్తకాలు అప్పగించారు. నాన్నగారు నాకు వ్యాకరణం అప్పగించారు. నేను నా మనుమరాలికి అప్పగించినది ఒక యుద్ధం పుస్తకం, దాని నాలుగు మూలలా పసుపు, కోటుమీదికి కుంకుమ కారిన సేనాధిపతి, బొట్టున్న గుర్రం, చివరి పుటల నడుమ ఇరుక్కున్న మూడు బియ్యపుగింజలు. మా వంశంలో తెచ్చినచోటికి తిరిగి చేరని మొదటి పుస్తకం కూడా అదే.