పేరు చెప్పినోళ్లకే

తెలంగాణ వచ్చిన కొత్తలో నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయినవాళ్ల సర్వే కోసం మర్రిగూడ పక్క పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగాను. పని తొందరగా తెమలాలని ఫారంలో పేరు గడి వదిలేసి, కేసు నంబరు మాత్రం వేస్తూ పోయేవాణ్ణి. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వతో కూడా అలవాటుగా, "కాళ్లు చాపు, కొలవాలె" అన్నాను. ఆమె వంకరపోయిన మోకాళ్ల మీదికి కొంగు లాక్కుంది.

"ఎవరు నువ్వు?"

"దవాఖాన నుంచి వచ్చిన."

"గది కాదు బిడ్డా. నీ పేరేంది? మీ అమ్మ పేరేంది?"

"అవన్నీ ఎందుకవ్వా?"

"గిన్నేండ్ల సంది మస్తుమంది వచ్చిండ్రు, ఫోటోలు తీసుకొని పోయిండ్రు. ఇప్పుడు నా కాళ్లు చూసేది దవాఖాన కాదు, నువ్వు. పేరు చెప్పినోళ్లకే చూపిస్త."

ఆ గొంతులో కోపం లేదు. నాకెంత తొందరో ఆమెకంత తీరిక. ఇద్దరి పేర్లూ చెప్పాను. తన పేరు చెప్పి, నేను రాసేదాకా చూసి, అప్పుడు కొంగు తీసింది.

ఆమె నుదుటి మీది పచ్చబొట్టు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఆ పొద్దున ఆమెకంటే ముందు పద్దెనిమిది మంది మోకాళ్లు కొలిచాను. వాళ్లలో ఒక్కరి ముఖమూ నాకు గుర్తు లేదు.