ఎర్రపువ్వు రవిక

మా ఊరి ఆడవాళ్ళు చావుకు కట్టుకునే బట్టలు బతికుండగానే కుట్టి పెట్టెలో దాచుకుంటారు. ఎవరి చేత్తో వాళ్ళు కుట్టుకున్నదే పైలోకంలో ఒంటిమీద నిలుస్తుందని మా నమ్మకం, పోయాక కుట్టేదెవరు? పక్కింటి స్టానా పెద్దమ్మ దాచుకున్నది పొడుగు చేతుల తెల్ల రవిక, దానిమీద అంతా నల్లదారం పని. ఎడమచేతి అంచున మాత్రం ఒక్క ఎర్రపువ్వు ఉండేది. కూతురు సాఫ్తా పుట్టినప్పుడు కుట్టిందది. చావుబట్ట మీద ఎరుపేమిటని ఊరంతా తిడితే, అక్కడ నా పిల్లని మర్చిపోకుండా ఉండటానికి అందట.

సాఫ్తా పెళ్ళి చేసుకోలేదు. గొర్రెపాల జున్ను చేసి సిబియు పట్నం సంతలో అమ్మేది, మంచాన పడ్డ తల్లిని చూసుకునేది. ఒక చలికాలం పాతకాలపు చేతికుట్టు బట్టలు మంచి ధరకు కొనే ఆసామి వ్యానులో ఊళ్ళోకి వచ్చాడు. ఇక్కడ పెద్దమ్మేమో శనివారం టీవీలో వచ్చే పల్లెపాటలు చూడాలని ఒకటే పోరు. సాఫ్తా ఆ రవిక అమ్మేసి కలర్ టీవీ తెచ్చింది. అచ్చం అలాంటిదే మళ్ళీ కుడదామనుకుంది. పనుల్లో పడి కుట్టలేదు. ముసలిది చలికాలమంతా టీవీ ముందు చప్పట్లు కొడుతూ పాడి, మంచు కరిగే వేళకు పోయింది. సంతలో కొన్న మిషను కుట్టు రవికతో సాగనంపారు.

ఆ తర్వాత ఆవిడ సాఫ్తా కల్లోకి రావడం మొదలుపెట్టింది. వాకిట్లో మంచులో ఒట్టి భుజాలతో నిలబడేదట. తిట్టేది కాదు, అడిగేది కాదు, వణుకుతూ చూసేది. పొద్దున లేచేసరికి రాత్రి వేసిన గడియ తీసి ఉండేదట. నీ బుర్రే చెడిందని నేను కసిరాను. ఒకరోజు నేనే వెళ్ళి చూస్తే గడప తడిగా ఉంది. ఆ వారమంతా వానా లేదు, మంచూ లేదు. నేనిక కసరలేదు.

ఒక శనివారం అదే టీవీలో డోమ్నికా అనే గాయని పాడుతోంది. ఒంటిమీద ఆ రవికే. చెయ్యెత్తినప్పుడల్లా ఎర్రపువ్వు కనిపిస్తోంది.

మాలో పోయినవాళ్ళకు ఏదైనా అందాలంటే, వాళ్ళ పేరు చెప్పి, కొవ్వొత్తితో రొట్టెతో కలిపి బతికున్నవాళ్ళ చేతిలో పెట్టాలి. పుచ్చుకున్నవాళ్ళు "దేవుడు క్షమించుగాక" అనాలి. ఇచ్చిందే అందుతుంది, అమ్మింది అందదు. సాఫ్తా కళ్ళు పోయేలా కూర్చుని కొత్త రవిక ఒకటి కుట్టింది. వేసవిలో మా చర్చి పండక్కి డోమ్నికా పాడటానికి వచ్చినప్పుడు, కొత్తది తీసుకుని పాతది ఇమ్మని బతిమాలింది. ఆ పిల్ల మంచిది, ఇచ్చేసింది.

సాఫ్తా దాన్ని మొహానికి అదుముకుని చాలాసేపు ఉండిపోయింది. ఇక వదలదనుకున్నాను. తర్వాత కొవ్వొత్తి వెలిగించి, దాన్ని మడిచి, రొట్టె మీద పెట్టి మళ్ళీ ఆ పిల్లకే చాపింది.

"ఇదేంటక్కా, ఇప్పుడేగా తీసుకున్నావ్?" అంది డోమ్నికా.

"అప్పుడు అమ్ముకున్నానమ్మా. ఇప్పుడు ఇస్తున్నా. మా అమ్మ స్టానా పేరు మీద. ఆ మాట అను."

డోమ్నికా నవ్వు ఆగిపోయింది. దేవుడు క్షమించుగాక అంది మెల్లగా.

ఆ రాత్రి పెద్దమ్మ రవిక తొడుక్కుని వచ్చిందట. పాడుకుంటూ వాకిలి దాటి కొండవైపు వెళ్ళిపోయిందట, వెనక్కి తిరగలేదట. అప్పట్నుంచీ గడియ వేసింది వేసినట్టే ఉంటోంది.

అయినా సాఫ్తా ప్రతి శనివారం టీవీ ముందు కూర్చుని, ఆ ఎర్రపువ్వు కనిపించగానే ఏడుస్తుంది. నాకు ఒళ్ళు మండి, మీ అమ్మ సుఖంగా ఉంది కదా, ఇంకా ఈ ఏడుపెందుకని అడిగేశాను.

"చలేసినన్నాళ్ళూ నా దగ్గరికి వచ్చేది అక్కా," అంది.

ఇప్పుడు పడుకునేముందు తన గడియ తనే తీసి పెడుతోంది.