పక్క గ్రూపు నుంచి వచ్చిన మాట

వెనింగ్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. పూలకుండీ పగిలితే ఏ పిల్లి పగలగొట్టిందని కాదు, ఆ పిల్లిని ఎవరు పంపారని అడిగే రకం. అలాంటి మనిషికి దేవుడు తగిన ఉద్యోగమే ఇచ్చాడు. మలాంగ్ యూనివర్సిటీలో ఆమె రాసిన ప్రోగ్రాం లక్షమంది ఉన్న ఊరినైనా కంప్యూటర్లో నిలబెడుతుంది. అందులో ఒకరికి ఒక మాట చెబితే అది ఎవరెవరి ఫోన్లలోకి ఎలా పాకుతుందో, కాఫీ చల్లారేలోపు వేలసార్లు ఆడించి చూపిస్తుంది.

తల్లి లసీనెమ్‌ది బజారు సందులో బక్సో అంగడి. గొడ్డుమాంసం ఉండలు, పొగలుకక్కే పులుసు. వెనింగ్ చదువంతా ఆ పులుసులోంచి వచ్చిందే. ఈమధ్య సందంతా ఒక మెసేజ్ తిరిగింది: ‘లసీనెమ్ బక్సోలో ఎలుక మాంసమట. పక్క గ్రూపు నుంచి వచ్చింది.’ ఆ ఊళ్ళో ఏ పుకారుకైనా ఆ తోక ఉండాల్సిందే. అది తగిలించేస్తే పంపినవాడి చేతికి మట్టి అంటదు. అంగడి బల్లలు ఖాళీ అయిపోయాయి. పండగలోపు జనం రాకపోతే మూసేస్తానంది లసీనెమ్.

వెనింగ్ అనుమానం నేరుగా ఎదురింటి తూతిక్ మీదికి పోయింది. ఒక పెళ్ళిలో వంట ఎవరిదన్న గొడవతో ఆవిడకీ లసీనెమ్‌కీ మాటల్లేవు. పొద్దున్నే నలుగురిలో ఆవిడని నిలదీసింది.

“పంపింది మీరేగా? ఒప్పుకోండి!”

“నా ఫోన్లో ఏమొస్తాయో నాకే తెలీదు తల్లీ,” అని తూతిక్ కూరగాయల సంచి ఎత్తుకుని పోయింది. ఆ నిదానం చూసి వెనింగ్ అనుమానం ఇంకా ముదిరింది.

ఫోన్లు చూపించమంటే సందులోవాళ్ళు ఉత్సాహంగా చూపించారు. ఇలాంటి తమాషా ఎవరొదులుకుంటారు? ఎవరికి ఎప్పుడొచ్చిందో అంతా ప్రోగ్రాంకి పెట్టి, తూతిక్ నుంచి మొదలెట్టించింది. కుదరలేదు. అసలు ఆవిడ ఫోన్ దాకా వెళ్ళిన మెసేజ్ అక్కడే చచ్చిపోయింది. అవతలి సందులో బక్సో అమ్మే గియార్తో నుంచి మొదలెట్టించింది. అదీ కుదరలేదు. చివరికి అందరినీ ఒక్కొక్కరినీ మొదలుగా పెట్టి చూడమని ప్రోగ్రాంకే వదిలేసింది. బజారు గ్రూపు, మసీదు గ్రూపు, ఆడవాళ్ళ చీటీ గ్రూపు, అన్నింటికీ సరిపోయింది ఒకే ఒక్క మనిషి. లసీనెమ్.

ప్రోగ్రాంలో తప్పుందనుకుంది. మళ్ళీ ఆడించింది. మళ్ళీ అమ్మే.

ఇంటికొచ్చేసరికి లసీనెమ్ వెల్లుల్లి వలుస్తోంది.

“అమ్మా, గ్రూపుల్లో ఏం పెట్టావు?”

“ఏదో ఊళ్ళో ఎవడో బక్సోలో ఎలుక మాంసం కలిపాడని వచ్చిందే. లసీనెమ్ అంగట్లో అలాంటివి ఉండవు, నమ్మకండి అని అన్నింట్లో పెట్టా.”

“అసలు నిన్నెవరన్నారమ్మా? ఎందుకు పెట్టావు?”

“ఎందుకేంటే? నువ్వేగా చెప్పావు! పుకారు పుట్టకముందే కాదనేస్తే చచ్చిపోతుందని, నీ కంప్యూటర్ తేల్చిందని ఊరంతా చాటావు కదా!”

గ్రూపులు తిరిగేసరికి ‘నమ్మకండి’ రాలిపోయి ఎలుకే మిగిలిందన్నమాట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మనిషిని చూసి లోకం ఏమనుకుంటుందో చిన్నపిల్లకైనా తెలుసు. ఆమె ప్రోగ్రాంలోని లక్షమందికీ తెలియదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

“పోనీ, అదంతా అబద్ధమని ఇంకోసారి పెట్టనా?” అంది తల్లి. వెనింగ్ ఫోన్ లాక్కుంది.

మర్నాడు వెనింగ్ వెళ్ళి తూతిక్ గుమ్మం ముందు నిలబడింది. “తప్పంతా నాదే అత్తా. మీరు దాన్ని ఎవరికీ పంపలేదు.”

“ఎలుకల సంగతి నేనెందుకు పంపుతానే? చదివితేనే డోకొచ్చింది,” అంది తూతిక్. చెప్పులేసుకుని సందు దాటి, లసీనెమ్ అంగట్లో ఖాళీ బల్ల మీద నడిమధ్యన కూర్చుంది. “పొయ్యండి ఒక గిన్నె.”

సందంతా చూస్తోంది. తూతిక్ ఒక ఉండని చెంచాతో చీల్చి, లోపలికి తొంగిచూసింది. ఈవిడ పగ తీర్చుకోవడానికే వచ్చిందా అని వెనింగ్ పాత జబ్బు మళ్ళీ లేచింది. తూతిక్ నమిలి, మింగి, సందు చివరిదాకా వినపడేలా అరిచింది.

“ఉప్పు తక్కువైంది లసీనెమ్!”

“నా పెళ్ళినాటి నుంచీ అదే ఉప్పు! నీ నాలుకే ముసలిదైపోయింది!” అని లసీనెమ్ అంతకన్నా గట్టిగా అరిచింది.

చెప్పుల కొట్టువాడు నవ్వుకుంటూ వచ్చి తూతిక్ పక్కన కూర్చున్నాడు. వెనింగ్ కళ్ళు తుడుచుకుని ఇంకో గిన్నె కడిగింది.