కోరుట్ల బ్యాండు మాస్టరు జాజ్ ఇన్న తీరు

మా బ్యాండు మాస్టరు పోయిండు. మొన్న శుక్రవారం పొద్దుగాల దుబాయిల, హోటల్ లాండ్రీల దుప్పట్లు మడతపెడుతుంటే ఆయన అల్లుడు మెసేజు పెట్టిండు: "అన్నా, మామ పోయిండు. నిద్రలనే." సూపర్‌వైజరును సెలవడిగిన. "సొంత తండ్రేనా?" అన్నడు. కాదన్న. "మరి ఏమైతడు?" అన్నడు. ఆయన నాకేమైతడో రాసే గడి లీవు ఫారంల లేదు. అందుకే గిక్కడ రాస్తున్న.

కోరుట్లల ఆయనది పెళ్లిళ్ల బ్యాండు. ఆయన ఊదేది క్లారినెట్. నేను సిరిసిల్లల సాంచాలు నడిపేటోన్ని, కరెంటు మగ్గాలు. అవి బందైన యేడు తిండికి తిప్పలై ఆయన దగ్గర సైడ్ డ్రమ్ముకు కుదిరిన. మొదటి పెళ్లి గొల్లపల్లిల. చేతులు పడిపోయేదాంక కొట్టిన. ఊరేగింపు నడిమధ్యల ఆయన నా దగ్గరికచ్చి, "తమ్మీ, సాంచ బందు చెయ్యి. మనం పెళ్లికచ్చినం," అన్నడు. అందరు నవ్విండ్రు. నాకు మండింది. నాకు జల్ది మండుతది.

తర్వాత డీజే బాక్సులు వచ్చినయ్. మనుషులు ఊదుతుంటే నడిచినోళ్లే డబ్బాల ముందట ఎగురుడు మొదలువెట్టిండ్రు. వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. బ్యాండుల సగం మందిమి గల్ఫ్ దారి పట్టినం. మాస్టరు మాత్రం క్లారినెట్‌ను తెల్లబట్టల చుట్టి బీరువల పెట్టి, ఇంటి ముందట చిన్న కిరాణం పెట్టుకున్నడు.

మా హోటల్ లాబీల సాయంత్రం పూట ముగ్గురు వాయిస్తరు. పియానో, మనిషంత ఎత్తు తీగల బేసు, డ్రమ్ము. దుప్పట్ల బండి నూక్కుంట పోతూ ఇన్న. నిన్న వాయించిన పాటనే ఇయ్యాల ఇంకో తీరుగ వాయించిండ్రు. తప్పు పోయిండ్రనుకున్న. ఫోన్ల రికార్డు చేసి మాస్టరుకు పంపిన. "మాస్టరూ, గీళ్లకు పాట రాదు."

ఆయన వాయిస్ మెసేజు పెట్టిండు. "రాకపోవుడు కాదు తమ్మీ. ముగ్గురికీ నోటికే ఉంది. అందుకే దాన్ని ఇడిసిపెట్టి తిరిగస్తున్నరు. ఇంకోటి పంపు."

దాన్ని జాజ్ అంటరని తర్వాత ఎరుకైంది. నాలుగేండ్లు గట్లనే నడిచింది. నేను కొత్త ఆల్బములు ఎతికి పంపుడు, ఆయన పొద్దుగాల చాయ్ తాగుకుంట ఇని మెసేజు పెట్టుడు. వెనకాల కిరాణానికచ్చినోళ్లు "శక్కరియ్యే" అని మొత్తుకునుడు గూడ ఇనవడేది.

నేను ఇంగ్లీషు రివ్యూలు ఫోన్ల తెలుగు చేసుకుని చదివిన. మసక వెలుతురట, వానల తడిసిన పట్నమట. ఊదే మనిషి పెదవి గురించి ఒక్క ముక్క ఉండది. మాస్టరు పెదవికాన్నే మొదలువెట్టేటోడు. ఒక ట్రంపెట్ పిల్లగాని మొదటి ఆల్బం పంపితే, "ఊపిరి మంచిగుంది. దాసుకునుడు తెల్వది. ఊరేగింపు ఇల్లు దాటకముందే ఉన్నదంత ఊదిండు," అన్నడు. పియానో, బేసు ఇద్దరే చేసిన ఆల్బం ఇని, "బేసాయన బంగారం. పియానో ఆయన తొందరపడ్డడు. ఈయన అలగలే, ఒక అడుగు ఎక్కువేసి కలుపుకున్నడు. గసొంటోడు పక్కన ఉంటే ఎవలైన వాయిస్తరు," అన్నడు. కంప్యూటర్ల మస్తు శుభ్రం చేసిన ఇంకో రికార్డుకు, "చేతులు కడిగి కడిగి తోలు పోయినట్టుంది," అన్నడు. గా ముక్కల అర్థమైనంత నాకు ఏ రివ్యూల అర్థం కాలే.

"నచ్చిందా మాస్టరూ?" అంటే మాత్రం కోపానికచ్చేటోడు. "నచ్చుడు తర్వాత. ఏమిన్నవో గది చెప్పు."

పోయిన చలికాలం మా క్యాంపుల కోనరావుపేట పిల్లగాడు ఒకడు పనికాడ మీది నుంచి పడి సచ్చిపోయిండు. కాగితాలు కాక వాని పీనుగ వారాల కొద్ది గిక్కడ్నే ఉన్నది. అప్పుడే ఒక సాక్సోఫోన్ ఆమె ఆల్బం దొరికింది. నాలుగో పాటల ఆమె ఒక్క సురాన్ని పట్టుకుని మల్ల మల్ల ఇరగ్గొడుతది. మాస్టరుకు పంపి, "గిది మా ఏడుపే. మా కోసమే ఏడుస్తుంది," అని రాసిన.

"నీ దుఃఖం నాకెరుకే తమ్మీ," అన్నడు. "గని ఆమె ఏడుస్తలేదు. డ్రమ్మాయన్ని ఆటవట్టిస్తుంది. మల్లొకసారి ఇను."

నా ఒళ్లు మండింది. "మూతవడ్డ పెళ్లిళ్ల బ్యాండోనివి, నీకేం తెలుసు జాజ్ గురించి?" అని మెసేజు పెట్టిన. నీలం టిక్కులు పడ్డయ్. జవాబు రాలే. నేను గూడ ఇంకోటి పంపలే.

రెండు నెలలకు, ఒక సెలవు దినం మధ్యాహ్నం, ఆ పాట మల్ల ఇన్న. ఆమె సురం ఇరగ్గొట్టుడు ప్రతిసారి జరంత ఆలస్యమైతది. డ్రమ్మాయన ఆమె కోసం ఒక కాడ కాసుకొని ఉంటడు, ఆమె ఇంకో కాడ దిగుతది. మూడోసారి అసలుకే రాదు. ఆయన ఒక్కడే కొట్టి బోర్లవడుతడు. అక్కడ ఎవలో నవ్విండ్రు, మెల్లగ. ఆ నవ్వు రికార్డుల ఉంది. అంతకుముందు యాభైసార్లు ఇన్న, నాకు ఇనవడలే.

చెప్దామని ఫోన్ తీసుడు, పక్కకు పెట్టుడు. పౌరుషం. వచ్చే వారం చెప్దామనుకున్న. అటెన్క అల్లుని మెసేజు అచ్చింది.

గల్ఫ్‌ల ఉన్నోళ్లకు ఆఖరి చూపు ఫోన్లనే. ఆ శుక్రవారం మధ్యాహ్నం అల్లుడు వీడియో కాల్ చేసి, ఫోన్ మాస్టరు చెవికాడ పెట్టి, "మాట్లాడన్నా," అన్నడు. మా దిక్కు పోయినోళ్ల చెవిల వరసవెట్టి పిలుస్తరు. తమ్మీ అని పిలిచినోన్ని ఏమని పిలవాలె?

"నాలుగో పాటల ఆమె ఆటవట్టిస్తనే ఉంది మాస్టరూ. నువ్వన్నదే నిజం. నాదే తప్పు."

స్పీకరు పెట్టి ఉంది. ఏడుస్తున్న ఆడోళ్లు ఆగిండ్రు.

"ఎవలాడు? ఏమంటుండు?" ఒక ముసలామె.

"దుబాయి అన్న, పెద్దమ్మా. బ్యాండు ముచ్చట."

"గిప్పుడా?"

"వాళ్లిద్దరికి ఎప్పుడు గదే ముచ్చట."

పాడె ఎత్తే ముందట అల్లుడు ఫోన్‌ను అంగి జేబుల ఏసుకున్నడు. కట్ చేసుడు మర్చిపోయిండు. తెర నల్లగైంది. నాకు ఇనుడే మిగిలింది. బట్ట రాసుకునే సప్పుడు. కంకర మీద కాళ్లు. డప్పులు. "జగిత్యాలాయన, నువ్వు ముందట నడువు," అని ఎవలో అన్నరు. క్లారినెట్ మొదలైంది. నడుసుకుంట ఊదుడు కష్టం, ఈ జగిత్యాలాయన గూడ మాస్టరు లెక్కనే వయసు మనిషి ఉన్నట్టుంది. రెండో చరణంల ఊపిరి తెగింది. దగ్గు వచ్చింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి. ఆయనకు నీళ్లియ్యుండ్రి."

డప్పులాగినయ్. కాళ్లాగినయ్. పాడె ఇంకా భుజాల మీదనే ఉన్నది కావచ్చు, దించుతున్న సప్పుడు రాలే. ఎవలో సీసా మూత తిప్పిండ్రు. అంతమంది నిలవడి ఉంటే, ఆయన నీళ్లు మింగుడు నాకు ఇనవడ్డది, గుక్క తర్వాత గుక్క.