బియ్యం డబ్బాలో వాచీ

మా ఎడిటింగ్ గది తార్నాకలో ఒక టీకొట్టు పైన ఉంది. నిన్న మధ్యాహ్నం కింద పాలు పొంగి పొయ్యి మీద మాడిన వాసన మెట్లెక్కి పైకొచ్చింది. సరిగ్గా అప్పుడే నేను ఫోన్లో ఒకమ్మాయికి అబద్ధం చెప్పబోతున్నాను. పాలు మాడిన వాసన వస్తే నాకు ఇరవై ఏళ్లుగా గుండె దడదడలాడుతుంది. దానికి కారణం యాదన్న.

యాదన్న మా యూనివర్సిటీ డిపార్ట్‌మెంటులో అటెండర్. అంతకుముందు మల్కాజ్‌గిరిలో, ఇప్పుడు మూతపడిపోయిన ఒక థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. ఎం.ఏ. చదివే మేము శనివారం మధ్యాహ్నాలు సెమినార్ హాల్లో సినిమాలు వేసుకునేవాళ్లం. తాళంచెవి ఆయన దగ్గరుండేది కాబట్టి ఏడాదికోసారి ఆయన చెప్పిన సినిమా వేయాలన్నది షరతు. ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే. వారం తిరక్కుండానే థియేటర్లోంచి ఎత్తేసిన ఒక సస్పెన్స్ సినిమా. టీవీలో వచ్చినప్పుడు ఎవరో రికార్డు చేసిన డిస్కు ఆయన సొరుగులో భద్రంగా ఉండేది.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఒకామె తమ్ముణ్ణి చంపినవాడు వాళ్లింటి మేడ మీద అద్దెకుండే పెద్దమనిషేనని పది నిమిషాల్లో మనకు చెప్పేస్తారు. తెలియనిది ఆ అక్కకూ, ఆమె భర్తకూ మాత్రమే. మాది కడప, నా నోరు కొంచెం పెద్దదే. "హంతకుడెవడో చెప్పేసినాక ఇంగేముంది యాదన్నా, ఇండ్లకు పోదాం పాండి!" అన్నాను.

"జర కూసో బిడ్డా. వంటింటి సీను రానియ్," అన్నాడాయన.

వచ్చింది. మేడ మీద పోలీసులు వాడి గది వెతుకుతున్నారు. ఆమె కింద పాలు కాస్తోంది. వాడు వంటింటి గుమ్మంలో నిలబడి కబుర్లు చెబుతున్నాడు. పాలు పొంగుతున్నాయని ఆమె పొయ్యివైపు తిరగ్గానే తమ్ముడి వాచీని జేబులోంచి తీసి బియ్యం డబ్బాలోకి తోసేశాడు. ఆమె తాపీగా వచ్చి ఆ డబ్బా ముందే కూర్చుని బియ్యం కొలిచింది. ఒక గ్లాసు. రెండు గ్లాసులు. సంగీతం లేదు, అరుపుల్లేవు. మూడో గ్లాసు ముంచబోయి ఆగిపోయింది. తమ్ముడు లేడు కదా, రెండు చాలు. మూత పెట్టేసింది. నాకు భయమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

అప్పుడు చూశాను యాదన్నను. తెర కింద కుర్చీ వేసుకుని, తెరకు వీపు పెట్టి, మా మొహాలు చూస్తున్నాడు. తర్వాత ఎందుకని అడిగితే నవ్వాడు. "చంపినోడు ఎవడో తెల్వకపోతే జనం ఆఖర్ల ఒక్కసారి ఉలిక్కిపడ్తరు. తెలిస్తే బియ్యం కొలిసినంతసేపు భయపడ్తరు. గదిల మొహాలు సూడాలె నాకు."

మరుసటి ఏడాది సినిమా అయ్యాక కుర్చీలు సర్దుతుంటే, అడక్కుండానే అసలు సంగతి చెప్పాడు.

"గీ సిన్మాను మా టాకీసుల నేనే చంపిన బిడ్డా. మ్యాట్నీ లేటైతున్నదని మేనేజర్ ఒకటే లొల్లి. వంట సీనే కదా, కోసెయ్ అన్నడు. కోసి అతికిచ్చిన. రీలు ఎప్పుడైపోతదా అని తెర మూలకు సూసుడే గాని, నేనెన్నడు కథ సూసిన? ఆఖర్ల ఆమె బియ్యం చేటల పోస్తే వాచీ పడ్డది. అది ఆడికెట్లొచ్చిందో తెల్వక జనం నవ్విన్రు."

"మేనేజర్ చెప్పిందే కదా చేసినారు?"

"కోసుడంటే నౌకరి. వారం లోపల డైరెక్టర్ వచ్చిండు. వెనక సీట్ల కూసోని మొత్తం సూసి, పైకొచ్చి, 'వంటింటి సీన్ ఏమైందన్నా?' అని మెల్లగ అడిగిండు. కంపెనీకెల్లి పిరింటే గట్లొచ్చింది సార్ అన్న నేను. నమ్మి, దండం పెట్టి పోయిండు. మల్ల సిన్మా తియ్యలే. గా అబద్ధం ఎవ్వలు ఆడమన్నరు నన్ను?"

ఇద్దరం మిగిలిన కుర్చీలు సర్దాం.

నేను ఎడిటర్‌నయ్యాను, అంటే కోయడమే నా ఉద్యోగం. ఇప్పుడు నా చేతిలో ఉన్నది గోల్నాకలో ఉండే ఒక అమ్మాయి తీసిన తొలి సినిమా. అందులో హీరోయిన్ ఒక్కతే బట్టలు మడతపెట్టే సీను ఉంది. నెమ్మదిగా ఉందని నిర్మాత తీసేయమంటే మారుమాట్లాడకుండా తీసేశాను. నిన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, బట్టల సీను కనిపిస్తలేదు. ఫైల్ ఏమన్న కరప్ట్ అయిందా?"

అబద్ధాన్ని తనే అందించింది. ఊఁ అంటే చాలు, నమ్మి థాంక్స్ కూడా చెప్పేది. అంతలో ఆ మాడు వాసన.

"లేదమ్మా. నేనే తీసేశాను. నిర్మాత అడిగితే కాదనలేకపోయాను. నాది తప్పు."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందేమో.

"రేపు ఆ సీను పెట్టి పదిమందికి వేద్దాం," అన్నాను. "నిర్మాతనూ పిలుస్తాను. నువ్వు నా పక్కన కూర్చో."

ఈ ఉదయం గది ఊడ్చి, తెర కింద, తెరకు వీపు పెట్టి రెండు కుర్చీలు వేశాను. మూడోదానికి చెయ్యి చాచి ఆగిపోయాను. యాదన్న పోయి రెండేళ్లయింది. రెండు చాలు.